డెల్ఫియా మేజోళ్లు

కాళ్లు కడిగే ఆదివారం నాడు అందరూ ఇంటి దగ్గరే కాళ్లు తోముకుని వస్తారు. కెంటకీ కొండల్లోని ఆ లోయలో ఇది తాతల నాటి వ్యవహారం. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు కాబట్టి ఏడాదికోసారి మనమూ ఒకరి కాళ్లు ఒకరం కడగాలి, బాగానే ఉంది. కానీ పక్కింటావిడ చేతిలో మురికి పాదం పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? పాస్టరు గారి భార్య అయితే ముందురోజే గోళ్లు కూడా తీసుకుంటుంది.

డెల్ఫియా గేహార్ట్ కూడా తోముకునేది. తోముకుని, ఒకదాని మీద ఒకటి రెండు జతల మేజోళ్లు తొడుక్కుని, పైన బూట్లు బిగించుకుని వచ్చేది. ఆ చర్చిలో చేరి ఇరవై రెండేళ్లైనా అక్కడ ఆవిడ కాళ్లు ఎవరూ చూడలేదు.

ఆవిడ ఉపాయం చాలా సులువు. ఆడవాళ్ల వరుసలో పొడుగు తువ్వాలొకటి చేతులు మారుతూ వెళ్తుంది. కాళ్లు కడిగించుకున్న మనిషి లేచి, దాన్ని నడుముకు చుట్టుకుని, పక్కామె కాళ్లు కడగాలి. తువ్వాలు తన దాకా వచ్చే వేళకి డెల్ఫియా కెటిల్ పట్టుకుని చర్చి మూలనున్న పొయ్యి దగ్గర ఉండేది. "నీళ్లు చల్లారిపోయాయి, ఇప్పుడే తెస్తా" అనేది. ఆ తువ్వాళ్లు ఉతికేదీ, బేసిన్లు తోమేదీ కూడా ఆవిడే. "డెల్ఫియాది ఎంత వినయం" అని అందరూ మెచ్చుకునేవారు. అది వినయం కాదని ఆవిడొక్కదానికే తెలుసు.

ఆరేళ్లప్పుడు, ఇంట్లో పందిని కోసిన రోజున, కాగులో మరుగుతున్న నీళ్లు ఒలికి కుడికాలి మీద పడ్డాయి. వేళ్లు ఐదూ ముద్దగా అతుక్కుపోయాయి. పెళ్లైన రాత్రి మొగుడు ఎస్టిల్ ఆ కాలు చూసి, మొహం తిప్పుకుని, "మేజోళ్లు తొడుక్కో" అన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. ముప్పై నాలుగేళ్లు డెల్ఫియా మేజోళ్లతోనే నిద్రపోయింది, మండు వేసవిలో కూడా. కాలొక్కటే కాదు, తను మొత్తంగా కప్పిపెట్టాల్సిన మనిషేననుకుంది. దేవుడు లోకాన్ని ప్రేమిస్తాడని గట్టిగా నమ్మింది. ఆ లోకంలో తనూ ఉన్నానని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

ఈ ఏడు తువ్వాలు ముసలి వెర్లీ దాకా వచ్చింది. ఎనభై మూడేళ్ల మనిషి, మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి, నోరు మాత్రం ఇంకా పనిచేస్తోంది. తన కాళ్లు కడగడం అయ్యాక తువ్వాలు చుట్టుకుని, పక్కామె వైపు తిరగకుండా, చేతికర్ర పొడుచుకుంటూ నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది. అక్కడున్న బల్ల ముందు, గోడ పట్టుకుని, మూలుగుతూ నేల మీదికి దిగింది. ఎవరిచేతో బేసిను తెప్పించుకుంది.

"కూర్చో పిల్లా."

"నీళ్లు తేవాలి, పెద్దమ్మా."

"నీళ్లు నీ చేతిలోనే ఉన్నాయి కదే."

కీర్తన పాడుతున్నవాళ్లు పాట ఆపేశారు. డెల్ఫియా గొంతు తగ్గించింది. "నా కాళ్లు చూడదగ్గవి కావు పెద్దమ్మా. ఇంకెవరివైనా కడుగు."

"ప్రభువు కడగబోతే శిష్యుడు పేతురు కూడా ఇట్లాగే కాళ్లు లాక్కున్నాడు. ప్రభువు ఊరుకున్నాడా? చూడూ, దిగడానికే నాకింతసేపు పట్టింది. నువ్వు కూర్చునేదాకా లేవను. బయట భోజనాలకి పెట్టిన కోడి వేపుడు చల్లారిపోతే ఆ పాపం నీదే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. డెల్ఫియా తలుపు వైపు చూసింది. వెళ్లిపోవచ్చు. కానీ వెళ్లిపోతే ముసలమ్మ ఆ నేల మీదే ఉండిపోతుంది, అంత మొండిది. పైగా ఇరవై రెండేళ్లుగా పారిపోయి పారిపోయి తనకూ విసుగొచ్చింది. కెటిల్ కింద పెట్టి కూర్చుంది. రెండు జతల మేజోళ్లూ విప్పడానికి చాలాసేపు పట్టింది.

వెర్లీ అయ్యో అనలేదు. కాలు ఒళ్లో పెట్టుకుని, సంతలో గుమ్మడికాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. గోరువెచ్చని నీళ్లు పోసి, అతుక్కుపోయిన వేళ్ల మీద బొటనవేలితో మెల్లగా రుద్దింది.

"ఇన్నేళ్లూ దాచింది దీన్నేనా?"

"అవును."

"నిన్ను చేసినవాడికి నువ్వంటే సిగ్గు లేదే. నీ కోసమే కిందికి దిగొచ్చాడు ఆయన. మధ్యలో నువ్వెవరివి, ఆయన చేసినదానికి వంకలు పెట్టడానికి?"

డెల్ఫియా ఏడ్చింది, సిగ్గుతో కాదు. ముప్పై నాలుగేళ్లుగా ఆ కాలిని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు ముట్టుకున్న చెయ్యి ముసలమ్మదే అయినా, ఆ చేతితో కడుగుతున్నది ఎవరో డెల్ఫియాకు తెలిసింది. ఆయన ప్రేమించిన లోకంలో తనూ ఉంది, ఈ కాలితో సహా ఉంది. ఆ సంతోషంలో రెండో కాలు కూడా తనే బేసిన్లో పెట్టింది.

ఇద్దరు మగవాళ్లు వచ్చి వెర్లీని లేపారు. డెల్ఫియా తువ్వాలు చుట్టుకుని, వట్టి కాళ్లతో చర్చి మధ్యగా నడిచి వెళ్లి, పాస్టరు గారి భార్య కాళ్లు కడిగింది. నడుస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా తల దించుకోలేదు.

ఎస్టిల్ చర్చి లోపలికి రాడు. భోజనాల వేళకి మాత్రం తప్పకుండా వస్తాడు. చెట్ల కింద బల్లలు వేసేసరికి ట్రక్కు దిగి, అందరికంటే ముందు ప్లేటు పట్టుకున్నాడు. గడ్డి మీద వట్టి కాళ్లతో వస్తున్న పెళ్లాన్ని చూసి కంగారుగా ఎదురొచ్చాడు.

"అదేంటే? మేజోళ్లు తొడుక్కో, అందరూ చూస్తున్నారు."

డెల్ఫియా జేబులోంచి మేజోళ్లు తీసి అతని చేతిలో పెట్టింది. "చూడనీ. ఇది దేవుడు కడిగిన కాలు. నీకు చూడబుద్ధి కాకపోతే నువ్వు కళ్లకి తొడుక్కో."

అని, వెళ్లి వెర్లీ పక్కన కూర్చుంది. కుడికాలు హాయిగా ఎండలోకి చాపి, కోడి తొడ ముక్క అందుకుంది.