గుంపులో ఒక్కతే

హత్సుమి కురహాషి పాతికేళ్ళుగా బడిపిల్లల సైన్సు పాఠాలే లోకంగా బతికింది. నీగాటా విద్యాకేంద్రంలో ఉద్యోగం. టీచర్లకు శిక్షణ ఇచ్చేది. నాలుగో తరగతి పుస్తకం రాసినవాళ్ళలో ఆమె ఒకరు. ఇంట్లో ఒక్కతే.

ఆ అక్టోబరులో పడవెక్కి ఒక దీవిలోని బడిని చూడడానికి వెళ్ళింది. అక్కడ చదివేది ఒక్క పిల్లే, పేరు కొనాత్సు. గాలినీ నీటినీ సిరంజిలో బంధించి నొక్కి చూసే పాఠం ఆ రోజు.

"మీ గుంపులో మాట్లాడుకుని, ఏమవుతుందో ఊహించండి," అని పుస్తకం చూసి చదివి, కొనాత్సు తలెత్తింది. "గుంపంటే ఎవరు మాస్టారూ?"

"నేను లేనూ?" అన్నాడు తోబే మాస్టారు.

"మీకు జవాబు ముందే తెలుసుగా."

పుస్తకంలో ఆ వాక్యం రాసింది హత్సుమే. లేచి వెళ్ళి పిల్ల పక్కన చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "నన్ను కలుపుకో. నీళ్ళు కూడా అణుగుతాయంటాను నేను."

"ఊరికే అంటున్నారు. పుస్తకం వెనకాల మీ పేరు చూశాను."

కొనాత్సు పక్కనున్న గిన్నె వైపు చూసి, "పోనీ, నాత్తో జిగురు పోస్తే?" అంది. మధ్యాహ్నం తినగా మిగిలిన నాత్తో, అంటే జిగురుగా సాగే పులిసిన సోయా గింజలు, ఆ గిన్నెలో ఇంకా ఉన్నాయి.

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. "నాకు తెలీదు," అంది హత్సుమి. ఈసారి నిజమే చెప్పింది. "అణగదనుకుంటా."

"కలిపితే బుడగలొస్తాయి కదండీ. కొంచెం అణుగుతుంది."

అణిగింది.

"ఓడిపోయారు," అంది పిల్ల, జిగురు చేతులు గౌనుకు తుడుచుకుంటూ.

ఊరికి తిరిగొచ్చాక, ఆ వాక్యం మారుద్దామని హత్సుమి పుస్తకం కమిటీలో అడిగింది.

"ఏటా ఇలాంటి బడి ఒకటి మూతపడుతోంది కురహాషి గారూ," అన్నాడు అధ్యక్షుడు. "పుస్తకం అచ్చయ్యేలోగా ఆ పిల్ల కూడా అక్కడుండదు."

ఆ చలికాలమంతా ఆమె కొనాత్సుకు వారానికో కార్డు రాసింది. ప్రతి కార్డులో ఒక ప్రశ్న, దాని కింద తన ఊహ. తనకు జవాబు తెలియని ప్రశ్న వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కొనాత్సు చేసి చూసి, ఎవరు ఓడారో రాసేది. ఎక్కువసార్లు ఓడింది హత్సుమే.

మార్చిలో బడి మూసేశారు. ఏప్రిల్లో కొనాత్సు కొత్తగా చేరిన పట్నం బడి నుంచి ఒక కార్డు వచ్చింది. "మా గుంపులో ఐదుగురం. నేను నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు చెప్పేస్తున్నారు. బాగుంది."

హత్సుమి సంతోషమని జవాబు రాసింది. మళ్ళీ ఉత్తరం రాలేదు. రాకపోవడమే మంచిదని తనకు తాను చెప్పుకుంది. అయినా ఆ వేసవంతా, ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే పోస్టుడబ్బా తెరిచి చూసేది.