జోడు దెబ్బ

కొత్తవాడలో జంపఖానా నేయడం ఒక్కరి పని కాదు. వెడల్పాటి మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఇనుప పళ్ల పంజాలతో నూలును ఒకే దెబ్బగా దించాలి. ఒకరు వెనకబడితే రెండోవారు ఆగరు, ఇంకాస్త గట్టిగా కొడతారు. వెనకబడ్డ చెయ్యి ఆ చప్పుడు విని తనంతట తానే దారికొస్తుంది. ఇరవై రెండేళ్లుగా సారంగపాణి పక్కన అలా కూర్చున్నది అతని భార్య చిలుకమ్మ. మొగుడి చెయ్యి ఎక్కడ తడబడుతుందో ఆమె చూడక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది.

పంతొమ్మిది వందల ఎనభై ఐదు ఎండాకాలంలో, హన్మకొండలోని ఒక నర్సింగ్‌హోంలో, ఆ చెవే ఆమెను కూర్చోనివ్వలేదు. గుండెనొప్పితో ముందురోజు చేర్చిన సారంగపాణి మంచం మీద మగతగా ఉన్నాడు. రొమ్ముకు అంటించిన బిళ్లల నుంచి తీగలు తలాపున ఉన్న కొత్త పెట్టెకు వెళ్లాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది టిక్కుమంటుంది.

పొద్దున అతను రొమ్ము గోక్కుంటే పెట్టె టకటకమని పరుగెత్తింది. నర్సు సుగుణ నవ్వింది. "గోక్కోకు కాకా. బిళ్ల కదిలినా గుండెనే కొట్టుకున్నదనుకుంటది ఈ పిచ్చి పెట్టె." ముగ్గురూ నవ్వుకున్నారు.

ఇప్పుడు మధ్యాహ్నం. టిక్, టిక్, టిక్. తర్వాత ఒక ఖాళీ. పొద్దున ఆ ఖాళీ లేదు.

"సిస్టరమ్మా, దెబ్బ తప్పుతాంది. జర చూడు."

ఆరు మంచాలకూ ఒక్కతే అయిన సుగుణ దూరం నుంచే పెట్టె మీది అంకె చూసింది. "డెబ్బై ఉన్నది గదమ్మా. యాభై కిందికి వోతే అదే కుయ్యిమని ఒర్రుతది. ఫికర్ చెయ్యకు."

"నడుమ సందు పెద్దగైతాంది బిడ్డా."

"నాలుగింటికి డాక్టర్ సాబ్ వస్తడు. చెప్దాం."

ఖాళీలు దగ్గర పడ్డాయి. అంకె అరవై అయింది, యాభై నాలుగయింది. చిలుకమ్మ లేచి మంచానికి ఆనుకుంది. ఇంకోసారి పిలిస్తే సుగుణ కసురుకుంటుందేమోనన్న మొహమాటం ఒకటి, పాడు మొహమాటం! ఆమె తనకు తెలిసిన పనే చేసింది. అతని రొమ్ము మీద, బిళ్ల పక్కనే అరచెయ్యి పెట్టి, ఖాళీ వచ్చిన చోట మెల్లగా తట్టింది.

టిక్.

ఆమె ప్రాణం లేచివచ్చింది. మళ్లీ తట్టింది. టిక్. "అట్లనే! నాతోటి రా" అంటూ మగ్గం మీద కొట్టే వరసలోనే, ఒక్క ఖాళీ లేకుండా తడుతూ పోయింది. అంకె డెబ్బై రెండుకు ఎక్కింది.

"చూసినవా, ఎంత మంచిగున్నదో!" అని సుగుణ దూరం నుంచే అంకె చూసి, అటునుంచి అటే ఇంకో మంచం దగ్గరికి పోయింది.

చెయ్యి లాగుతున్నా చిలుకమ్మ ఆపలేదు. చాలాసేపటికి అతని నుదుటి చెమట తుడుద్దామని వంగింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నుదురు చల్లగా తగిలింది.

"ఏమయ్యా?"

ఆమె చెయ్యి ఆగింది. దానితోపాటే పెట్టె కూడా ఆగింది. తెర మీద గీత సాపుగా పోయింది. అప్పుడు ఒర్రింది పెట్టె.

సుగుణ పరుగెత్తుకొచ్చి అతని రొమ్ము మీద రెండు చేతులూ వేసి అదుముతూ అరిచింది. "ఎప్పటిసంది ఇట్లున్నడమ్మా? ఎప్పుడు ఆగింది?"

చిలుకమ్మ తన అరచెయ్యి వంక చూసుకుంది. ఇంతసేపూ ఆ పెట్టె గుండె అనుకున్నది దీన్నే. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, అతని దెబ్బ ఎక్కడ ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు.