పెరిగిన గది

అయిదింటికి లేవడం, రెండు బకెట్ల నీళ్లు పట్టడం, అత్తకి మాత్ర వేయడం, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు మూటలు విప్పి చొక్కాలొక వైపు, పంట్లాలొక వైపు వేరు చేయడం. ఇస్త్రీ ఆవిడకి పన్నెండేళ్లుగా రోజు ఇలాగే మొదలవుతోంది. మొగుడు పోయిన ఏడాది కూడా పదో రోజు నుంచీ ఇలాగే మొదలైంది. బట్టలు ఎవరి కోసమూ ఆగవు.

ఆ శనివారం ఆమె నీళ్లు పట్టి వంటింట్లోకి వచ్చేసరికి పక్క గోడకి కొత్తగా ఒక గుమ్మం కనిపించింది. బకెట్లు దించి లోపలికి వెళ్లబోయి తల కొట్టుకుంది. చాలా పొట్టి గుమ్మం. లోపల సున్నం వేసిన చిన్న గది, ఒక కిటికీ, గోడలో ఒక గూడు. నిన్నటిదాకా అక్కడ బట్టలారేసే తీగ ఉండేది. నుదురు తడుముకుంటూ ఆమె మొదట తీగ ఎక్కడ కట్టాలా అని ఆలోచించింది. తర్వాత మంగళవారం ఇంటి పన్నుకి కొలతలాయన వస్తాడన్న సంగతి గుర్తొచ్చి, అక్కడే గోడకి చేరగిలబడింది.

ఆ వీధిలో కొన్ని ఇళ్లకి అప్పుడప్పుడు గదులు పెరుగుతాయి. పన్నుల ఆఫీసు ఫారంలో అందుకే రెండు గడులు ఉంటాయి: కట్టినది, పెరిగినది. రెండింటికీ పన్ను ఒకటే.

మొగుడు కొన్నప్పుడు ఆ ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. అత్తకి కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండో గది పెరిగింది. మంచం పక్క గోడకి, పట్టుకుని లేవడానికి, ఒక ఇనుప కడ్డీతో సహా వచ్చింది. ఆరేళ్ల కిందట మూడో గది పెరిగింది. దాని తలుపుకి లోపలివైపే గడియ, అదీ రెండు వేళ్ల మందం. రెండు రోజులకి ఆడపడుచు ఒక సంచీతో వచ్చి, ఏమీ చెప్పకుండా ఆ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు. గడియని చూశాక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆడపడుచు ఇప్పుడు చెప్పుల దుకాణంలో లెక్క చూస్తుంది. సాయంత్రాలు చొక్కాలకి ఊడిన గుండీలు కుడుతుంది.

గది పెరిగినప్పుడల్లా పన్ను పెరిగింది. ఇస్త్రీ ఆవిడ కడుతూనే వచ్చింది. ఈసారి సంగతి వేరు. ఇల్లు ఏడు వందల చదరపు అడుగులు దాటితే మొత్తం ఇంటికి రేటు రెట్టింపు. పోయినసారి కొలతకి ఇల్లు ఆరు వందల ముప్పై రెండు. అంత పన్ను కట్టడం ఆమె వల్ల కాదు. గడువులోగా కట్టకపోతే తలుపుకి సీలు వేస్తారు, ఆ తర్వాత వేలం. కిందటేడు చివరింటివాళ్లకి అదే జరిగింది.

"ఈసారి ఎవరొస్తారంటారు, అత్తయ్యా?" అంది ఆమె, మాత్ర చేతిలో పెడుతూ.

"నా కొడుకు ఉన్నప్పుడు ఈ ఇంట్లో తిరగడానికి చోటు లేదు. ఇప్పుడు తిరిగే ఓపిక లేదు, గదులొస్తున్నాయి," అంది అత్త. "ఎవరో ఒకరు వస్తారులే. తిండి తక్కువ తినేవాళ్లయితే బాగుణ్ణు."

సోమవారం సాయంత్రం ఎదురింటి బేరాలాయన వచ్చాడు. ఇళ్లు కొని అమ్మడం అతని వ్యాపారం. అతని సొంతింట్లో పద్నాలుగు గదులున్నాయి, అన్నీ కట్టించినవే. అతను ఒక గదిలో పడుకుంటాడు, మిగిలినవాటికి తాళాలు. తలుపు లేనిది గది కాదు, వసారా అని నియమం. వసారాకి సగం కొలతే, సగం పన్నే. అందుకని ఏటా కొలతకి ముందురోజు వడ్రంగి వచ్చి పదమూడు తలుపులు ఊడదీసి పెరట్లో పేర్చి, టార్పాలిన్ కప్పి వెళతాడు. కొలత అయ్యాక మళ్లీ బిగిస్తాడు. ఇది అందరికీ తెలుసు. తెలిసిన తప్పుకి సిగ్గు తక్కువ.

"వడ్రంగి ఇంకా మా ఇంట్లోనే ఉన్నాడు. పది నిమిషాల పని. నీ తలుపూ ఊడదీయించెయ్, నా వాటితో పాటు పడి ఉంటుంది," అన్నాడు.

"తలుపు లేని గదిలో ఎవరు పడుకుంటారండీ?"

"ఇప్పుడు ఎవరు పడుకుంటున్నారు?"

"గది వచ్చింది కదా. మనిషి వస్తారు."

"ముందు వచ్చేది నోటీసు," అని నవ్వాడు బేరాలాయన. "అది వచ్చాక నా దగ్గరికే రా. ఎదురింటివాణ్ణి, నీకు అన్యాయం చేస్తానా?"

అతను వెళ్లాక ఆమె ఒక స్క్రూ తిప్పే పనిముట్టు తీసుకుని కొత్త తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. పైబందు మొదటి స్క్రూ సగం తిప్పింది. ఆడపడుచు గదిలోంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆరేళ్లయినా ఆ చప్పుడు మానలేదు. ఇస్త్రీ ఆవిడ తిప్పిన స్క్రూని మళ్లీ బిగించి, చొక్కాల దగ్గరికి వెళ్లింది.

మంగళవారం పదింటికి కొలతలాయన వచ్చాడు. ముప్పై నాలుగేళ్లుగా ఇళ్లు కొలుస్తున్న మనిషి. నేల మీదికి వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది. టేపుని ఒక్కడే రెండు వైపులా పట్టుకోలేడు కాబట్టి సున్నా కొస ఇంటివాళ్లు పట్టుకోవాలి, అతను రెండో కొస దగ్గర చదువుతాడు. చాలామంది సున్నాని గోడకి ఆనించకుండా రెండు వేళ్లు ముందుకి పట్టుకుంటారు. ఆ రెండు వేళ్ల మేర ఇల్లు చిన్నదవుతుంది. కొలతలాయన ఏమీ అనడు. లేచి, అవతలి గోడ దాకా నడిచి, వాళ్ల చేతిని వెనక్కి జరిపి, మళ్లీ నడిచి వచ్చి చదువుతాడు. ఆ నడక చూసి తిట్టుకోనివాళ్లు ఆ వీధిలో తక్కువ. ఇస్త్రీ ఆవిడ దగ్గర మాత్రం అతనికి ఎప్పుడూ లేవాల్సిన పని పడలేదు.

పాత గదులు ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. కొత్త గది దగ్గరికి వచ్చారు. ఆమె మర్చిపోయి మళ్లీ గుమ్మానికి తల కొట్టుకుంది. వెనకే అతను మామూలుగా నడిచి వచ్చాడు. చేతిసంచీ తగిలించడానికి అలవాటుగా చెయ్యి పైకెత్తాడు. చెయ్యి వెళ్లిన చోట మేకు ఉంది. సంచీ తగిలించి, ఒక క్షణం దాన్నే చూశాడు.

ఆమె సున్నాని గోడకి ఆనించింది. రెండు వేళ్లు ముందుకి వస్తే ఇల్లు ఏడు వందలు దాటదని నిన్న సాయంత్రమే అడుగులతో కొలుచుకుని చూసింది. అయినా ఆనించింది. ఇన్నేళ్లూ అలా పట్టుకున్న చేతికి ఇంకోలా పట్టుకోవడం రాలేదు.

పొడవు తొమ్మిది. వెడల్పు ఏడూ ముప్పావు. కిటికీ కొలవక్కర్లేదు గానీ అతను దాని ముందు నిలబడ్డాడు. ఏ ఇంట్లోనైనా కిటికీలోంచి చూడాలంటే అతను మెడ ఎత్తాలి. ఇక్కడ వంగిన నడుముతోనే వీధి చివరి దాకా కనిపించింది. తర్వాత గూడు కొలిచాడు. రెండున్నర, ఒకటిన్నర. మళ్లీ కొలిచాడు. అది అతని రేకు పెట్టె కొలత. ముప్పై నాలుగేళ్లలో పదకొండు అద్దె ఇళ్లు మారాడు, ప్రతి ఇంట్లోనూ ముందు ఆ పెట్టె ఎక్కడ పడుతుందా అనే కొలుచుకున్నాడు.

ఆమె టేపు కొస పట్టుకుని అతన్నే చూస్తోంది.

"మీకు ఇల్లుందా సార్?"

"అద్దెకుంటానమ్మా. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. అదే రోజు రిటైరు కూడా."

"ఎక్కడికి వెళతారు?"

"చూసుకోవాలి."

అతను ఫారం తీసి, మోకాలి మీద పెట్టుకుని, ‘పెరిగినది’ అన్న గడిలో రాశాడు. మొత్తం కింద ఏడు వందల ఒకటీ ముప్పావు అని వేశాడు. రాసేటప్పుడు అతని కలం ఆగింది. ఆగి, మళ్లీ రాసింది. జాలితో ఒక అంకె మారిస్తే ఆ చెయ్యి రేపు డబ్బుకీ మారుస్తుందని అతను నమ్మినవాడు. తన చేతిని తనే నమ్మలేని స్థితి వద్దనుకున్నాడు.

"సార్, ఒకటి అడుగుతాను," అంది ఆమె. ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "కాగితంలో ఇల్లు నాది. ఏటా కట్టకపోతే నాది కాదు. మరి నేనూ అద్దెకున్నట్టే కదా?"

అతను సంచీ భుజాన వేసుకున్నాడు.

"నేను ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చెయ్యలేదమ్మా. పదకొండు చోట్లా పొమ్మన్నారు. పన్ను కట్టినవాళ్లని పొమ్మన్న ఇల్లు నేనెక్కడా కొలవలేదు."

ఆమె పొట్టి గుమ్మాన్నీ, అతని నడుమునీ చూసింది.

"ఇంకొకటి కూడా ఉంది. అద్దింట్లో ఉండి ఇంకొకరిని ఉండమనలేం," అంది. "నేను అనగలను. మీరు ఇక్కడ ఉండండి సార్."

కొలతలాయన టేపు చుట్టి సంచీలో వేసుకున్నాడు. ఉద్యోగంలో ఉండగా తను కొలిచిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకూడదని, ఇంకా ఇరవై ఏడు రోజులున్నాయని చెప్పి, ఆమె ఇచ్చిన గ్లాసు ముట్టకుండా వెళ్లిపోయాడు.

పది రోజులకి నోటీసు వచ్చింది, రెట్టింపు పన్నుతో. ఆమె రోజుకి తీసుకునే బట్టలు ఎనభై నుంచి నూట పది చేసింది. మణికట్టు వాచింది. ఆడపడుచు తన జీతం తెచ్చి ఇచ్చింది, అదీ చాలలేదు. బేరాలాయన రెండుసార్లు వచ్చి, టైపు చేయించిన అమ్మకం కాగితం బల్ల మీద పెట్టి వెళ్లాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె కలం చేతిలోకి తీసుకుంది కూడా. నెలాఖరు దాకా ఆగమని, ఆ కలాన్నే అతని జేబులో తిరిగి పెట్టింది.

"ఎవరి కోసం ఆగడం?" అన్నాడతను. అతనికి నిజంగానే అర్థం కాలేదు. పద్నాలుగు గదులున్నా ఎప్పుడూ ఎవరినీ రమ్మనని మనిషికి, ఎవరి కోసమైనా ఆగడం ఎలా తెలుస్తుంది?

ఒకటో తారీఖు ఉదయం రిక్షాలో కొలతలాయన దిగాడు. రేకు పెట్టెని ఆడపడుచు ఒక వైపు పట్టుకుంది. గూట్లోకి తోస్తే ఎటూ వేలు పట్టనంత సరిగ్గా పట్టింది. ఇస్త్రీ ఆవిడ మంచినీళ్లు ఇస్తే నిలబడే తాగాడు. తర్వాత తువ్వాలుతో మూతి తుడుచుకుని, తను మాట్లాడాల్సింది ఉందన్నాడు.

"అద్దె ఇవ్వను. జీవితంలో ఇవ్వాల్సిన అద్దె అంతా ఇచ్చేశాను. పన్ను పెరిగింది నా గది వల్ల. ఆ పెరిగింది ఏటా నేను కడతాను. దానికి ఒప్పుకుంటే సంచీ తగిలిస్తాను."

"తగిలించండి అన్నయ్యా," అంది ఆమె.

"తిండి ఎంత తింటాడో అడుగు," అంది లోపల్నుంచి అత్త.

గడువుకి రెండు రోజుల ముందు ఇద్దరూ పన్నుల ఆఫీసుకి వెళ్లారు. అతను కౌంటరుకి ఇవతలి వైపు వరసలో నిలబడటం అదే మొదలు. గుమాస్తా గుర్తుపట్టి ముందుకి రమ్మన్నాడు. వెళ్లలేదు. రసీదు తెచ్చి అత్త గదిలో కడ్డీ పక్కన తగిలించారు. బేరాలాయన బల్ల మీద వదిలేసిన కాగితాన్ని ఇస్త్రీ ఆవిడ మడత పెట్టి, కదులుతున్న ఇస్త్రీ బల్ల కాలి కింద పెట్టింది.

మరుసటి ఏడు కొలతకి కొత్త అమ్మాయి వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండు నెలలు. ఎదురింట్లో పదమూడు వసారాలు కొలిచి వచ్చిందట, అప్పటికే అలిసిపోయి ఉంది. ఇస్త్రీ ఆవిడ చేతిలో పని వదల్లేకపోతే, చివరి గదిలో సున్నా కొస పట్టుకోవడానికి కొలతలాయనే వెళ్లాడు.

"ఈ గదిలో ఎవరుంటారు తాతగారూ?"

"నేను."

అమ్మాయి పాత ఫారం చూసింది. ఏడు వందల ఒకటీ ముప్పావు. వేళ్లతో ఏదో లెక్క వేసుకుని, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అంత గట్టిగా ఆనించక్కర్లేదు. కాస్త ఇటు పట్టుకోండి. నేను చూడను."

మంచి పిల్లే. అతను కష్టం మీద ఇంకాస్త వంగాడు. సున్నాని గోడకి ఆనించి, కదలకుండా బొటనవేలితో నొక్కిపట్టాడు.

"ఆనించాను," అన్నాడు. "చదువమ్మా."