అడగని ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు

మా ఆయన ఆర్డెల్‌ను జైలుకు పంపింది వాళ్ల నాన్న వదిలి వెళ్లిన వేట తుపాకీ. ఒకసారి పెద్ద నేరానికి శిక్ష పడ్డవాడు తుపాకీ ఉంచుకోకూడదు. కుర్రతనంలో పడ్డ శిక్ష ముగిసిన రోజున జిల్లా జడ్జి, "ఇంక ఇంటికెళ్లు, అయిపోయింది" అన్నాడట. పాత నేరమంతా తుడిచిపెట్టుకుపోయిందనే మా ఆయన నమ్మాడు. తాను తుపాకీ ఉంచుకోకూడనివాడినని ఆయనకు తెలుసని, చట్టం ప్రకారం అభియోగ పత్రంలో రాయాలి. రాయలేదు.

ఆ పత్రాన్ని ఒప్పుకున్నది గ్రాండ్ జ్యూరీ. మా మిసిసిపీ జనమే, మూసిన గదిలో కూర్చుని, కేసు నడవాలో వద్దో తేలుస్తారు. వాళ్లెవరో బయటికి తెలియదు, లోపలి మాట వాళ్లు బయట చెప్పకూడదు. చర్చిలో నా పక్కన పాడేవాళ్లు కావచ్చు. ఒక ఆదివారం నాతో పాటు పాడే సిస్టర్ ఓరాలీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏంటి సిస్టర్?"

"నన్నేం అడక్కమ్మా. నేను చెప్పకూడదు."

నేనింకేమీ అడగలేదు.

విచారణలో శిక్ష పడ్డాక అప్పీలు వేశాం, ఆ రోజున ఆర్డెల్‌ను తీసుకురాలేదు. అక్కడ ముద్దాయి ఉండనక్కర్లేదట. మా కొత్త లాయరు క్విగ్లీ మేడమ్ అభియోగ పత్రంలోని ఆ లోపం చూపించింది. "విచారణకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు జడ్జీలు. అప్పటి లాయరు గమనించలేదు మరి.

కొన్ని వారాలకు మేడమ్ ఫోన్ చేసింది. "ఓడిపోయామమ్మా. 'అతనికి తెలుసా' అని అడిగి ఉన్నా, ఏ జ్యూరీ అయినా 'తెలుసు' అనే చెప్పేదని జడ్జీలు అన్నారు."

"ఏ జ్యూరీ?"

"నిజంగా ఉన్నది కాదు. ఊహించుకున్నది."

"లేనివాళ్లు కూడా తీర్పు చెప్తారా మేడమ్?"

మనిషి మనసులో ఏముందో దేవుడికే తెలుసని నా నమ్మకం. మరి వీళ్లెవరు?

జైల్లో ములాఖత్ గదిలో ఈ మాట చెబితే ఆర్డెల్ ముందు నవ్వాడు.

"ఆ లేనోళ్లలో ఒక్కడైనా నా వైపు లేడంటే?"

"లేడట."

"అదృష్టం చూడు! దయ్యాలక్కూడా నేనంటే పడదు." తర్వాత నవ్వు ఆగిపోయింది. "మరి నా మాట వాళ్లకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు."

ఆయన చూపు నా భుజం మీదుగా వెళ్లింది. నా వెనక గోడ వారన ఖాళీ కుర్చీలు వరసగా ఉన్నాయి. వచ్చేటప్పుడు చూశాను. ఆయన టోపీ తీసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయ్యా, అమ్మా," అన్నాడు మెల్లగా, "నాకు నిజంగా తెలీదండీ."

తర్వాత ఎవరో ఏదో అడిగినట్టు తలూపి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

నేను వెనక్కి తిరగలేదు.