రష్యాకు, చూసి వచ్చేందుకు

ములకలపల్లి హైస్కూల్లో సోషల్ చెప్పే ఉషారాణి టీచరు ప్రపంచపటం ముందు నిలబడి పాఠం చెప్పేటప్పుడు ఒక్క దేశం దగ్గర మాత్రం కాళ్లకు పని చెప్పాల్సి వచ్చేది. బెత్తం మాస్కో మీద పెట్టి తూర్పుకు జరుపుతూ పోతే, చెయ్యి ఎంత చాపినా ఆ దేశం అయిపోదు. రెండడుగులు పక్కకు వేయాలి. పిల్లలు నవ్వేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ప్రతి సంవత్సరం ఆమె ఆ రెండడుగులు వేస్తూనే ఉంది.

ఆ దేశం ఆమెకు బడిలో పరిచయమైంది కాదు. ఏన్కూరు దగ్గర తండాలో పుట్టిన ఉషారాణి ఐదో తరగతిలో హాస్టల్లో చేరినప్పుడు, వాళ్ల నాన్న పార్టీ ఆఫీసు నుంచి రష్యా రంగుల పత్రికలు రెండు తెచ్చి ఇచ్చాడు. నున్నటి కాగితం. హాస్టల్ పిల్లలందరూ పాత న్యూస్‌పేపరుతో నోట్‌బుక్కులకు అట్టలు వేసుకుంటే, ఆమె లెక్కల నోట్‌బుక్కు మీద మాత్రం ఒక పెద్ద సరస్సు, దాని ఒడ్డునే పోతున్న ఆకుపచ్చ రైలు ఉండేవి. లెక్క రాకపోతే ఆ రైలును చూస్తూ కూర్చునేది. ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు. తర్వాత డిగ్రీ, బీఈడీ, ఉద్యోగం, పెళ్లి, బిడ్డ. ఆ రైలు మాస్కోలో బయలుదేరి వ్లాదివస్తోక్ దాకా పోతుందని, తొమ్మిది వేల కిలోమీటర్లు దాటుతుందని తనే పిల్లలకు చెప్పే రోజులు వచ్చాయి.

2007 దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్తతో మాట కదిపింది.

"వచ్చే ఎండకాలం సెలవులల్ల రష్యా పోయొద్దామనుకుంటున్న."

హీరాలాల్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఏంది?"

"రష్యా. ఈ మూల నుంచి ఆ మూల దాకా రైల్ల. ఏడు దినాలు పడతది."

"ఏడు దినాలు రైల్ల కూసుంటే ఏం కనవడతది?"

ఉషారాణికి అబద్ధం ఆడటం రాదు. "ఎక్కువ అడివేనంట," అంది.

హీరాలాల్ ఫారెస్టు డిపార్ట్‌మెంటులో బీట్ ఆఫీసరు. తెల్లవారితే బూట్లు కట్టుకుని అడవిలోకి నడిచి, ఎండ ముదిరాక ఇల్లు చేరడం ఆయన పని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, నీళ్లు తాగాక అన్నాడు: "ఉషా, పొద్దుగాల లేస్తే నేను చూసేది అడివే. గదే అడివిని చూస్తందుకు గంత దూరం పోవాల్నా?"

ఆయనది మొండితనం కాదు. ఇద్దరి ఇళ్లలోనూ ప్రయాణం అంటే పెళ్లికో, దవాఖానాకో, పరీక్షకో, దేవుడి దగ్గరికో. ఊరికే చూసి రావడానికి సంచి సర్దుకున్న మనిషి రెండు వైపులా ఒక్కరూ లేరు. ఉషారాణి అన్నం గిన్నె ఆయన వైపు జరిపింది.

ఆయన మనసు తిప్పింది ఆమె కాదు, ఒక చెట్టు. ఖమ్మంలో బీ ఫార్మసీ చదువుతున్న కూతురు సోని దీపావళికి వస్తూ, నెట్ సెంటరులో తీసిన రష్యా బొమ్మల కలర్ ప్రింట్లు పది పట్టుకొచ్చింది. వాటిలో ఒకదాని నిండా తెల్లటి మానులు. బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తోంది. హీరాలాల్ ఆ కాగితాన్ని వాకిట్లోకి, వెలుతురులోకి తీసుకుపోయాడు.

"తపసి చెట్టు లెక్కనే ఉంది గదా," అన్నాడు.

తపసి చెట్టు ఆయనకు ప్రాణం. ములకలపల్లి అడవిలో, ఆకులు రాలిన ఎండాకాలం గుట్టల మీద తెల్లగా మెరిసే ఆ మానును కోయదొరలు బంక కోసం గాటు పెడతారు. గాటు లోతుగా పడితే చెట్టు చస్తుందని, ఒక్కో చెట్టు దగ్గర నిలబడి వాళ్లతో మాట్లాడి వచ్చేవాడు ఆయన.

"తపసి కాదు నానా, బర్చ్ అంటరు. మన భూర్జపత్రం జాతి," అంది సోని.

"ఎన్నుంటయి అక్కడ?"

"రైలు రెండు దినాలు పోయినా అవే ఉంటయంట."

ఆయన ఆ ప్రింటును మడవకుండా తన బీట్ డైరీలో పెట్టుకున్నాడు. వారం తర్వాత ఆయనే అడిగాడు: "రైలు ఎక్కడన్న ఆగుతదా? దిగి ఒక చెట్టు మీద చెయ్యి పెట్టి చూడొచ్చునా?" ఉషారాణి ఆ రోజే సరస్సు దగ్గర రెండు రోజుల మజిలీ రాసుకుంది.

పాస్‌పోర్టులు వచ్చాయి. హైదరాబాదులో ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళితే, అతను వాళ్ల మాట పూర్తిగా వినకుండానే మెడికల్ కాలేజీల బ్రోచర్లు ముందు పెట్టాడు. "అమ్మాయికి సీటా మేడం?" అన్నాడు. కాదంటే సింగపూర్, మలేషియా నాలుగు రాత్రుల ప్యాకేజీ చూపించాడు. అదీ కాదంటే కుర్చీలో వెనక్కి వాలి, "రష్యాల మీకు ఎవలున్నరు?" అని అడిగాడు.

అక్కడి నుంచి ఆ ప్రశ్న వాళ్లను వదల్లేదు. స్టాఫ్‌రూములో బయాలజీ చెప్పే రిబ్కా టీచరు అడిగింది. పాలు పోసే ఆయన అడిగాడు. రేంజ్ ఆఫీసులో హీరాలాల్‌ను అడిగారు. అమెరికా అంటే కొడుకుంటాడు, దుబాయి అంటే తమ్ముడుంటాడు. ఎవరూ లేని దేశానికి పోవడం ఏమిటో జనానికి అర్థం కాలేదు. ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోక ఇదేం పిచ్చి అని కూడా కొందరన్నారు. ఉషారాణి నవ్వి ఊరుకునేది.

నవ్వి ఊరుకోలేని రోజు జనవరిలో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి విదేశం పోవాలంటే పైనుంచి అనుమతి కావాలి. హీరాలాల్‌ది సులువుగానే వచ్చింది. ఉషారాణి దరఖాస్తులో 'ప్రయాణ కారణం' అన్న చోట 'చూసి వచ్చేందుకు' అని రాసి పంపింది. నెల తర్వాత కాగితం వెనక్కి వచ్చింది. ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన 'సరైన కారణం తెలుపవలెను' అని రాసి ఉంది.

ఆమెకు కోపం రాలేదు. నీరసం వచ్చింది. బంధువుల ఇంటికి అని రాస్తే పోయేదేముంది అనుకుంది. అలా అనుకుంటూనే ఖమ్మం బస్సెక్కి, దారిలో ఏన్కూరులో దిగి, తండాలో ఉన్న అత్తను, హీరాలాల్ తల్లిని, చూడటానికి వెళ్లింది.

అత్త జమ్లికి డెబ్బై ఐదేళ్లు పైనే. వాకిట్లో ఎండలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కోడలు పక్కన కూర్చుని తనూ తొడిమలు తీస్తూ, జరిగింది లంబాడీ భాషలో చెప్పింది. అందరూ అక్కడ ఎవరున్నారని అడుగుతున్నారని కూడా చెప్పింది.

జమ్లి చేతులు ఆగలేదు. "మా తాతలు ఎద్దుల మీద ఉప్పు ఏసుకుంట ఎన్ని రాజ్యాలు తిరిగిండ్రో," అంది. "ఎవలున్నరని పోయిండ్రు? తొవ్వ ఉంది, పోయిండ్రు. ఈ తండా ఏసి మూడు తరాలు గాలే. అప్పుడే కూసునుడు అలవాటైంది మనకు."

ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని, "అక్కడ చలి ఉంటదా?" అని అడిగింది.

"మస్తు ఉంటదత్తా."

"అయితే నేను రాను," అంది జమ్లి, తనను ఎవరో పిలిచినట్టు.

ఉషారాణి నవ్వుకుంటూ లేచి మళ్లీ బస్సెక్కింది. ఖమ్మం విద్యాశాఖ ఆఫీసులో ఆ ఫైలు చూసే సూపరింటెండెంటు జంపయ్య. రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఆమె కాగితం చూశాడు.

"ఏమ్మా, కొడుకున్నడా, బిడ్డ ఉన్నదా అక్కడ?"

"ఎవలు లేరు సార్."

"పోనీ తీర్థయాత్ర అని రాయరాదు?"

"మేం మొక్కే దేవుడు కూడ అక్కడ లేడు సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఎడ్యుకేషనల్ టూర్ అని రాయమ్మా. నువ్వు సోషల్ టీచరువే గదా. అబద్ధం గూడ గాదు."

ఆ మాట ఉషారాణికి నిజంగానే నచ్చింది. పెన్ను తీసింది కూడా. రాయబోయి ఆగింది.

"అబద్ధం కాదు గానీ సార్, అసలు సంగతి అది కాదు. వచ్చినంక పిల్లలకు చెప్త, అది వేరే. నేను పోయేది మాత్రం నాకు చూడాలని ఉండి. పదేండ్ల పిల్లప్పటి సంది ఉంది."

జంపయ్య కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. సొరుగులోంచి రూల్సు పుస్తకం తీసి, నాలుగు పేజీలు అటూ ఇటూ తిప్పి మూసేశాడు.

"చూసి వచ్చేందుకు పోవద్దని దీంట్ల ఎక్కడ లేదు," అన్నాడు. "పోవచ్చని గూడ లేదు. ఇన్నేండ్లల్ల ఎవ్వలు అడగలే, అందుకే రాయనట్టున్నరు." ఎర్ర గీత మీదనే 'సమంజసం' అని రాసి సంతకం చేశాడు. ఆమె లేచి నిలబడ్డాక మెల్లగా అడిగాడు: "అమ్మా, ఏడు దినాలు రైల్ల స్నానం ఎట్ల మరి?"

"నడుమ రెండు రోజులు దిగుతం సార్."

"అట్లయితే బాగనే ఉంది," అన్నాడాయన, తన టికెట్టే ఖాయమైనంత తృప్తిగా.

తర్వాత పనులు వాటంతట అవే సాగాయి. ఏజెంటు కూడా దారికి వచ్చి, స్టేషన్ల జాబితా, వీసా కాగితాలు తెప్పించాడు. సాయంత్రాలు ఉషారాణి రష్యన్ అక్షరాలు పలక మీద రాసి భర్త చేత దిద్దించేది. తలకిందులుగా ఉన్న అక్షరాలను చూసి ఆయన విసుక్కునేవాడు. కానీ మార్చి నెలాఖరుకు యాభై స్టేషన్ల పేర్లు తడుముకోకుండా చదివాడు. పొద్దున బీట్‌లో నడుస్తూ వాటినే వల్లించుకుంటున్నాడని, ఇప్పపూలు ఏరేవాళ్లు సార్ ఏదో మంత్రం చదువుతున్నాడనుకుంటున్నారని తోటి బీట్ ఆఫీసరు వచ్చి చెప్పాడు.

ఏప్రిల్ మూడో వారంలో, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, ఇద్దరూ స్వెట్టర్లు కొనడానికి ఖమ్మం వెళ్లారు. మూడు దుకాణాల్లో నవ్వి పంపేశారు. నాలుగో దుకాణం ఆయన నిచ్చెన వేసుకుని అటక మీది నుంచి మూటలు దించాడు. వేపాకు, కలరా ఉండల వాసన గుప్పుమంది. ఉషారాణి ముదురు నీలం రంగుది తీసుకుంది. హీరాలాల్ మెడ దాకా మూసే మందమైన ఊదారంగుది తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. చెమట కణతల మీద నుంచి కారుతోంది.

"విప్పుండ్రి, చెమటతోని తడిసిపోతది," అంది ఉషారాణి.

"ఉండు. చేతులు పైకి లేస్తయా లేదా చూడాలె గద," అంటూ ఆయన చెయ్యి పైకెత్తి, పక్కనే ఉన్న, తెల్ల సున్నం వేసిన దుకాణం స్తంభం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. దుకాణం ఆయన ఫ్యాను స్పీడు పెంచాడు. ఆయన కళ్లు తెరిచేదాకా ఉషారాణి పక్కనే స్టూలు మీద కూర్చుంది.