పక్క సీటు

గాలికి ఇసుక మీద పరుగెత్తే ఆ తెరచాప బండికి రెండు సీట్లు. దర్జీ, అతని బావ కలిసి కొనుక్కున్నది. తాడు పట్టి నడపడం దర్జీ వంతు, మలుపుల్లో చక్రం లేవకుండా పక్కకు వంగి బరువు వేయడం బావ వంతు. బావ పోయాక దర్జీకి చక్రాలు కడిగి గ్రీజు పెట్టే ఓపిక కూడా లేకపోయింది. ఉప్పుగాలికి చట్రం తుప్పు పట్టింది. చివరికి ఒకరోజు దాన్ని మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాడు.

"దీనికింక ఎంత చేసినా దండగే బాబాయ్. ఒంటి సీటుది తీసుకో, తేలిగ్గా ఉంటుంది. ఒకసారి నడిపి చూడు," అన్నాడు మెకానిక్.

ఒంటి సీటు బండి తడి ఇసుక మీద రివ్వున దూసుకుపోయింది. అంత వేగం దర్జీ ఏనాడూ ఎరగడు. మలుపులో ఒక చక్రం లేవబోయింది.

"బావా, వంగు!" అని అరిచాడు.

పక్కన సీటే లేదు. తానే వంగాడు. బండి ఆపి, తెరచాప దించి, ఖాళీ తీరంలో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

తిరిగొచ్చి, "పాతదే బాగుచెయ్యి నాయనా," అన్నాడు.

"ఒక్కడివే ఎక్కితే బోల్తా కొడుతుంది బాబాయ్!"

"పక్క సీట్లో ఇసుక బస్తా పెట్టుకుంటాలే."

"మలుపొస్తే బస్తా వంగుతుందా ఏంటి?"

"మా బావ మాత్రం చెప్పగానే ఏనాడు వంగాడు గనక!"

మెకానిక్ తుప్పు గీకడానికి ఉప్పుకాగితం అందుకున్నాడు.