ఫెలీసా ఫోనుకి వచ్చిన జీపు నంబర్లు

ఆగస్టు పద్నాలుగు, సోమవారం. ఆ సాయంత్రం బీరకాయ ముక్కలు, సన్న సేమ్యా, ఒక డబ్బా సార్డీన్ చేపలు వేసి పులుసు కాచుకున్నాను. ఎప్పటిలాగే ఇద్దరికి సరిపడా అయింది. నా భార్య ఫెలీసా పోయి ఆరు నెలలైనా నా చేతికి ఆ సంగతి ఇంకా తెలియలేదు. రెండో గిన్నెడు మూతపెట్టి నా గిన్నెలో చెంచా పెట్టానో లేదో, అలమార మీద ఛార్జింగులో ఉన్న ఆమె ఫోను మోగింది.

అది మోగి చాలాకాలమైంది. అయినా రోజూ ఛార్జింగు పెడుతూనే ఉన్నాను. అందులో పొరపాటున రికార్డయిన పన్నెండు సెకన్ల మాటలున్నాయి. ఫెలీసా పక్కింటి పిల్లిని తిడుతోంది. కెమెరాకి వేలు అడ్డం పడటంతో బొమ్మ లేదు, గొంతు మాత్రమే.

మాది మనీలాలో సంపాలొక్. చుట్టూ కాలేజీలే. ముప్పై ఏళ్ళు మా మేడ మీద నాలుగు మంచాలు వేసి, దీవుల నుంచి చదువుకోడానికి వచ్చే ఆడపిల్లలకు అద్దెకిచ్చాం. ఇచ్చాం అంటున్నాను గాని నడిపిందంతా ఫెలీసాయే. నేను నీళ్ళ ఆఫీసులో పైపుల మ్యాపులు గీసే ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో కారే కుళాయిలు బాగుచేసేవాణ్ణి. పిల్లలు ఆమెను లోలా అనేవాళ్ళు, నన్ను లోలో అనేవాళ్ళు. అమ్మమ్మ, తాతయ్య అన్నట్టు.

చీకటి పడ్డాక, ఇక్కడ సిటీ బస్సుల్లా తిరిగే జీపు ఏదెక్కినా, పిల్ల ఆ జీపు నంబరు లోలాకి మెసేజ్ పెట్టాలి. ఇది ఆమె పెట్టిన నియమం. ఆమె దాన్ని ఒక నోటుబుక్కులో రాసుకుని, ‘జాగ్రత్త’ అని ఒక్క మాట తిరిగి పంపేది. ఆఖరి పిల్ల ఇల్లు చేరేదాకా వీధి తలుపు గడియ పడేది కాదు.

ఫిబ్రవరి పదకొండున ఆమె పోయింది. నెలాఖరుకి నలుగురు పిల్లల తల్లిదండ్రులూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. “ఆడదిక్కు లేని ఇల్లు కదా లోలో, ఏమీ అనుకోకండి” అన్నారు. నేనేమీ అనుకోలేదు. వాళ్ళ చోట ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. పరుపులు చుట్టి తాళ్ళు కట్టాను.

ఫోనులో మెసేజ్ ఇలా ఉంది: “లోలా, నేను అనాలిన్‌ని. కాటండ్వానెస్ దీవి నుంచి వచ్చాను. మీ ఇంట్లో ఉండి చదువుకున్న రోసెల్ తబ్లీసో చెల్లెల్ని. మనీలాలో చీకటి పడ్డాక జీపెక్కితే మీకు చెప్పమంది అక్క. ఎర్ర జీపు లోలా. ప్రిన్సెస్ జనెల్.”

జీపు నెత్తిన పెద్ద అక్షరాలతో రాయించే ఓనరు కూతురి పేరు అది. ఊళ్ళో సగం జీపుల మీద ఏదో ఒక ప్రిన్సెస్ ఉంటుంది. నాకు నవ్వొచ్చింది. ఆరు నెలల్లో అదే మొదటిసారి. తర్వాత అద్దాలు పెట్టుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టాను: ‘అమ్మా, మీ లోలా ఫిబ్రవరిలో...’ నా బొటనవేళ్ళు లావు. ఫిబ్రవరి అన్న మాట దగ్గరే మూడుసార్లు తప్పు పడింది. ఇంతలో ఇంకొకటి వచ్చింది.

“లోలా, ఉన్నారా? జీపు ఏ దారిన పోతోందో తెలీడంలేదు. నాకు భయంగా ఉంది.”

రాసిందంతా చెరిపేశాను. ఫెలీసా మాటలైతే వేళ్ళకి చప్పున వచ్చాయి. “పేరు కాదు, నంబరు చూడు. డ్రైవరు వెనకే కూర్చో. సంచి ఒళ్ళో పెట్టుకో. జాగ్రత్త.”

నలభై నిమిషాల తర్వాత, “ఇంటికొచ్చేశాను లోలా” అని వచ్చింది. లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేశాను. అప్పటిదాకా వెయ్యలేదని వేశాకగాని నాకు తెలియలేదు.

రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఏడూ ఇరవైకి, “లోలా, ఈసారి నంబరే చూశాను!” అని వచ్చింది. ఆ సంతోషం మీద చావు కబురు ఎలా పెట్టను? ఎల్లుండి అనుకున్నాను. అలా అనుకుంటూనే సెప్టెంబరు వచ్చేసింది. ఆ పిల్ల మొదటి సంవత్సరం నర్సింగు. క్లాసు ఏడింటికి వదులుతారు. జీపులో కుబావ్ దాకా వెళ్ళి, దిగి, ఒక పొడవాటి సందులో నడిచి అద్దెగది చేరాలి. ఇవన్నీ నేను అడగలేదు. చెప్పుకునే మనిషి దొరికింది గనుక ఆమే చెప్పింది.

నేను ఆ నంబర్లను ఫెలీసా నోటుబుక్కులో, ఆమె రాత కింద, వేళతో సహా రాసుకున్నాను. ఒక ఖాళీ పేజీలో ఆ సందు గీశాను. నలభై ఏళ్ళు మ్యాపులు గీసిన చెయ్యి ఊరుకోదు. సందులో దీపాలెక్కడున్నాయో తెలియక ఒక మధ్యాహ్నం జీపెక్కి వెళ్ళి చూసొచ్చాను కూడా. మూడో స్తంభానికి బల్బు లేదు. ఆ రాత్రి, “సందులో రొట్టెల కొట్టు ఉన్నవైపే నడువు” అని పంపాను. “ఆ కొట్టు సంగతి మీకెలా తెలుసు లోలా?” అని అడిగింది. మీ అక్క చెప్పింది అన్నాను. నేనాడిన అబద్ధాల్లో అదొక్కటే మాటల్లో ఆడింది. మిగతావన్నీ మాట్లాడకుండా ఆడినవి.

అక్టోబరులో ఒక వానరోజు ఎనిమిదింటికి మెసేజ్ వచ్చింది: “లోలా, ఎవడో జీపు దిగి నా వెనకాలే వస్తున్నాడు. నేను ఆగితే ఆగుతున్నాడు.”

“రొట్టెల కొట్టుకి వెళ్ళు. ఒక్క రొట్టె కొను. కొట్టావిడతో మాట్లాడు. నీ గదిలో పిల్ల వచ్చి తీసుకెళ్ళేదాకా అక్కణ్ణుంచి కదలకు” అని పంపాను. ఇదీ ఫెలీసాదే. కొనుక్కున్న మనిషి ముఖం కొట్టువాళ్ళకి గుర్తుంటుంది, గుర్తున్న పిల్ల జోలికి ఎవడూ రాడు అనేది. పద్దెనిమిది నిమిషాలు ఫోను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాను. “చారీస్ వచ్చింది. వాడు వెళ్ళిపోయాడు. మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో లోలా” అని వచ్చింది. మీరు లేకపోతే అన్న మాట దగ్గరే నా కళ్ళు చాలాసేపు ఆగిపోయాయి.

నవంబరు ఆఖరి వారంలో, “ఆదివారం మిమ్మల్ని చూడటానికి వస్తున్నాను లోలా. అమ్మ మా వైపు కాసే పిలి గింజల పాకం పంపింది, మీకోసమే” అని రాసింది.

ఇక రేపు అనడానికి రేపు లేదు. రాత్రంతా కూర్చుని టైపు చేశాను. “మీ లోలా ఫిబ్రవరి పదకొండున చనిపోయింది. ఇన్నాళ్ళూ జవాబిచ్చింది నేను, ఆమె భర్త తియోదులోని. మొదటిరోజే చెప్పాల్సింది. నన్ను క్షమించు.” పంపాను. జవాబు రాలేదు. ఆ సాయంత్రం నంబరూ రాలేదు. మర్నాడూ రాలేదు. అయినా ఎనిమిదీ పదిదాకా తలుపు తీసే ఉంచాను.

ఆదివారం పదింటికి గేటు చప్పుడైంది. మా వాడ కాపలా మనిషి ఇస్కో, వెనక ఇద్దరు పిల్లలు. సన్నగా, చేతిలో పొట్లంతో ఉన్నది అనాలిన్ అని చూడగానే తెలిసింది. పక్కనున్న పొడుగుపిల్ల గేటు పుల్లలు పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“ఈయనేనా లోలా?” అంది. “గడ్డం గీసుకోవడం మర్చిపోయినట్టుంది లోలా!”

“చారీస్, ఊరుకోవే” అంది అనాలిన్.

ఇస్కో పెద్దగా నవ్వాడు. నాతో ముప్పై ఏళ్ళుగా చదరంగం ఆడుతున్న మనిషి. “అమ్మాయిలూ, ఈ లోలో దులో మీద కంప్లయింటా? బొద్దింకని చంపమంటే దానికి గుమ్మం దాకా దారి చూపించే మనిషి ఈయన! నా పూచీ. లోపలికెళ్ళి కాఫీ తాగండి.”

“మేం లోపలికి రాం” అంది చారీస్. “బయటే మాట్లాడతాం. నాలుగు నెలలు ముసలావిడ వేషం ఎందుకేశారు లోలో? అది చెప్పండి.”

మొదటిరోజు ఆ పిల్ల భయపడుతోందని చెప్పాను. రేపు, రేపు అనుకున్నానని చెప్పాను. చెబుతుంటే నాకే ఎంత పేలవంగా వినిపించిందో.

“నా నంబర్లు రాసుకున్నారా?” అంది అనాలిన్ ఉన్నట్టుండి.

నోటుబుక్కు తెచ్చి గేటు పుల్లల మధ్యనుంచి ఇచ్చాను. దాచడం ఇంకా తప్పనిపించింది. ఆమె పేజీలు తిప్పింది. తేదీ, నంబరు, ఎక్కిన వేళ, దిగిన వేళ. చివరిపేజీ దగ్గర ఆగిపోయింది. సందు, రొట్టెల కొట్టు, స్తంభాలు, మూడో స్తంభం దగ్గర చిన్న గుండ్రటి గుర్తు, చివర్లో ఆమె ఉండే ఇల్లు. నా గీత ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రమే ఇప్పుడు భయంకరంగా ఉంది. ఆమె పక్కన నిలబడి చూసినట్టు, ఆ పేజీని నేను మొదటిసారి చూశాను.

“మీరు మా సందుకి వచ్చారా?”

“ఒక్కసారి. మధ్యాహ్నంపూట. దీపాలు చూద్దామని.”

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. “మా అక్క చెప్పింది” అంది నెమ్మదిగా. “లోలా కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ మొదటిరోజే చెప్పేదట. ఫోన్లో మాట్లాడే మనిషిని కళ్ళతో చూసేదాకా నమ్మకు, ఎంత మంచిగా మాట్లాడితే అంత నమ్మకు అని. నేను మర్చిపోయాను. లోలా కదా అని మర్చిపోయాను.”

“అయ్యో పిచ్చిపిల్లా, ఈయన...” అని ఇస్కో మొదలుపెట్టాడు.

“నువ్వాగు ఇస్కో” అన్నాను. “ఆమె అన్నదే సరైనది. నేను మంచివాణ్ణని ఇతను చెబితే నమ్మకమ్మా. నేను చెప్పినా నమ్మకు. వెంట ఇద్దర్ని తీసుకుని, పగలు వచ్చి, గేటు బయట నిలబడ్డావు. మీ లోలా ఉంటే ఇలాగే రమ్మనేది.”

ఇస్కో టోపీ తీసి తల గోక్కున్నాడు.

“ఆ ఫోన్లో మెసేజ్‌లన్నీ మా ముందే తీసెయ్యండి” అంది చారీస్.

“తీసేశానో, ఎక్కడైనా దాచుకున్నానో మీకెలా తెలుస్తుంది?” అన్నాను. లోపలికి వెళ్ళి ఛార్జరు పీకి ఫోను తెచ్చాను. ఒక్కసారి పిల్లిని తిట్టే ఆ గొంతు వింటే బాగుండుననిపించింది. బయట పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు. ఫోను, ఛార్జరు గేటు మధ్యనుంచి అందించాను. “నోటుబుక్కూ మీ దగ్గరే ఉంచుకోండి. నా దగ్గర ఇక నీ గురించి కాగితం ముక్క కూడా లేదు.”

అనాలిన్ ఫోను తీసుకుని చేతిలో తిప్పి చూసింది. పగిలిన మూలకి ఫెలీసా అంటించిన ప్లాస్టరు మీద బొటనవేలు పెట్టింది. “ఇది లోలా ఫోనేనా?”

“అవును.”

“ఆ వానరోజు రొట్టెల కొట్టుకి వెళ్ళమంది... మీరేనా?”

“పంపింది నేను. మాట ఆమెది.”

ఆమె తల ఊపింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి గాని, అడుగు మాత్రం ముందుకు పడలేదు. పడకపోవడమే నాకు మంచిదనిపించింది. చారీస్ గొంతు కాస్త తగ్గించి, “ఇకనుంచి నంబర్లు నాకు పంపిస్తుంది లోలో. ఇది వచ్చేదాకా నేను నిద్రపోను. నిద్రొస్తే కాఫీ తాగుతా” అంది. మూడో స్తంభానికి బల్బు వేయించుకోమని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

వెళ్ళేముందు అనాలిన్ చేతిలో పొట్లం ఇస్కోకి ఇచ్చింది. “లోలా ఫొటో దగ్గర పెట్టమనండి” అంది, నా వైపు చూడకుండా. వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా ఇస్కో గేటు దగ్గరే ఉన్నాడు. తర్వాత, “ఎంత మొండిపిల్లలయ్యా!” అన్నాడు.

“మొండిగానే ఉండనీ” అన్నాను.

పొట్లం ఫొటో ముందు పెట్టాను. విప్పితే పాకం వాసన గదంతా నిండింది. ఫొటోలో ఫెలీసా ఎప్పటిలా కొంచెం ఎడమకి చూస్తోంది. నీ మాట ఆ పిల్లని నా నుంచి కూడా కాపాడింది అని చెప్పాను. గర్వంగానే చెప్పాను.

మర్నాడు సోమవారం. ఏడూ ఇరవై అయింది. అలమార మీద ఫోను ఉండే చోట దుమ్ములో నలుచదరంగా తెల్లటి గుర్తు. ఇప్పుడు అనాలిన్ ఏదో ఒక ప్రిన్సెస్ వెనక నంబరు చూసి, డ్రైవరు వెనక కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని చారీస్‌కి మెసేజ్ పెడుతూ ఉంటుంది. ఏడూ నలభై. ఎనిమిది. రొట్టెల కొట్టు దాటి ఉంటుంది. దాటిందో లేదో నాకు తెలిసే దారి లేదు. ఎనిమిదీ పది దాటాక ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను, జీపు ఆలస్యమై ఉంటుందేమోనని.

తర్వాత లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. మా గడియ చప్పుడవకుండా పడాలంటే తలుపుని రవ్వంత పైకెత్తి పట్టుకోవాలి. మేడ మీద పిల్లలు లేస్తారని ఫెలీసా అలాగే వేసేది. మేడ మీద ఎవరూ లేరు. నేనూ తలుపు పైకెత్తి పట్టుకుని, మెల్లగా గడియ వేశాను.